వేరుశనగ వెన్న – ఏరిన గింజ మొదట ఇంటికి

వేరుశనగ వెన్న అను పేరుతో సీసాలలో అమ్ముచున్న పదార్థము నేడు పట్టణములలోనే గాక మండల కేంద్రములలోని అంగళ్ళలో కూడ కనిపించుచున్నది. వ్యాయామము చేయు యువకులు బలమునకని దీనిని కొనుచున్నారు. తల్లులు రొట్టె మీద పూసి పిల్లలకు పెట్టుచున్నారు. మరికొందరు, ఇందులో కొవ్వు హెచ్చు, గుండెకు మంచిది కాదు, పైత్యము చేయును అని దూరముగా నుంచుచున్నారు. ఈ పంటను పండించు రైతు మాత్రము ఈ వాదముతో తనకేమి పని యని ఊరకుండును. కాని ఈ ప్రశ్న అందరికంటె రైతుకే ఎక్కువ అవసరము. ఆ సీసాలో ఉన్నది అతని చేలోని పంటయే. ఆ పంటలో ఏ గింజ మార్కెట్టుకు పోవుచున్నది, ఏ గింజ ఇంట మిగులుచున్నది అను దానిపైననే ఈ ప్రశ్నకు సమాధానము ఆధారపడియున్నది.

మా అభిప్రాయమును ముందుగనే చెప్పుదుము. వేరుశనగ వెన్న మంచి ఆహారమే. కాని అది మంచిదగుటకు మూడు నియమములు గలవు. గింజ బూజు లేనిదై యుండవలెను. మోతాదు మించరాదు. గింజకు కాస్త ఉప్పు తప్ప మరేమియు కలుపకుండుట మేలు. ఈ మూడింటిలో మొదటిది అన్నిటికంటె ముఖ్యము. మన ఇండ్లలో తరచుగా తప్పుచున్నది కూడ అదియే.

పేరు క్రొత్తది, వస్తువు పాతది

వెన్న అని పేరేగాని ఇందులో పాలు గాని, మీగడ గాని లేవు. వేయించి, పొట్టు తీసిన వేరుశనగ పప్పును మెత్తగా రుబ్బినచో గింజలోని నూనెయే బయటికి వచ్చి, పప్పంతయు జారుడు ముద్దగా మారును. అంతకుమించి ఇందులో రహస్యమేమియు లేదు.

ఈ వస్తువు మనకు తెలియనిదియు కాదు. రాయలసీమలో రాగి సంగటితో తిను ఊరుబిండి, తెలంగాణమున పల్లీల తొక్కు, కోస్తా జిల్లాలలో ఇడ్డెనలకు చేయు వేరుశనగ చెట్నీ, ఇవన్నియు ఆ ముద్దకు బంధువులే. మనవారు దానికి మిరపకాయ, చింతపండు, వెల్లుల్లి చేర్చి, నీరు పోసి ఆ పూటకు వాడుకొనిరి. పాశ్చాత్యులు నీరు తగులనీయక నిలవయుండునట్లు చేసిరి. భేదమంతయు ఇంతే.

అమెరికాలో జాన్ హార్వే కెల్లాగ్ అను వైద్యుడు 1895లో గింజల వెన్న చేయు పద్ధతికి పేటెంటు కోరెను. తన ఆరోగ్యశాలలో మాంసము తినని రోగులకు బలమైన శాకాహారము కావలెనని ఆయన ఉద్దేశము. జార్జి వాషింగ్టన్ కార్వర్ ఈ వెన్నను కనుగొనెనని కొందరు చెప్పుదురు గాని అది నిజము కాదు. ఆయన చేసిన మేలు వేరు. టస్కెగీ విద్యాలయములో వ్యవసాయ శాస్త్రజ్ఞుడుగా నుండి 1916లో వేరుశనగను పండించు విధమును, ఇంట వండుకొను 105 విధములను ఒక చిన్న పుస్తకముగా రైతులకు అందజేసెను. ప్రత్తినే నమ్ముకొని అప్పులలో మునిగిన పేద రైతులు ఈ పంటతో భూసారమును నిలుపుకొనవలెనని, పండినది మొదట తమ బిడ్డలకు పెట్టుకొనవలెనని ఆయన కోరిక. నూరేండ్లు దాటినను ఆ సలహా మనకు సరిగా అతుకును.

ఇందులో ఏమున్నది?

నూరు గ్రాముల వేరుశనగ పప్పులో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులు, 40 నుండి 50 గ్రాముల నూనె ఉండును. శక్తి సుమారు 550 కాలరీలు. మాంసకృత్తులలో ఇది కంది, పెసర, మినుములకు తీసిపోదు. ఇవిగాక నియాసిన్ అను బి విటమిను, ఫోలేటు, విటమిన్ ఇ, మెగ్నీషియము, పీచుపదార్థము చెప్పుకోదగినంత గలవు.

నియాసిన్ సంగతి మన ప్రాంతమునకు ముఖ్యమైనది. జొన్న అన్నమే ముఖ్యాహారముగా నున్న దక్కను పీఠభూమి పేదలలో ఒకప్పుడు పెల్లాగ్రా అను వ్యాధి కనిపించుచుండెడిది. ఎండ తగిలిన చోట చర్మము నల్లబడి పగులుట, విరేచనములు, మతి చలించుట దాని లక్షణములు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు 1960 ప్రాంతమున ఈ వ్యాధికిని జొన్న ఆహారమునకును గల సంబంధమును పరిశోధించిరి. నియాసిన్ లోపమునకు విరుగుడు కాగల గింజ అదే ఎర్రనేలలలో, అదే రైతుల చేతులలో పండుచుండెను. కాని అది నూనె మరకు పోవుచుండెను.

అయితే వేరుశనగ ఒక్కటియే చాలునని అనుకొనరాదు. దీని మాంసకృత్తులలో లైసిన్ అను అంశము తక్కువ. బియ్యము, జొన్న, రాగులలోను అదియే తక్కువ. కావున వేరుశనగ ముద్దను అన్నముతోనో రొట్టెతోనో తినువారు ఆ దినమున పప్పు, పాలు, పెరుగు, గ్రుడ్డు వీనిలో ఏదైన ఒకటి కూడ తీసికొనవలెను. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థవారు 1950 దశకములో తయారుచేసిన బహుళార్థ ఆహారములో మూడు వంతులు నూనె తీసిన వేరుశనగ పిండి, ఒక వంతు శనగపిండి కలిపి, విటమినులు చేర్చిరి. రెండు గింజలు కలిసిన ఒకదాని లోటును రెండవది తీర్చునన్న సూత్రమే అందులో నున్నది.

కొవ్వును గురించిన భయము

సగము నూనెయే గదా, ఇది గుండెకు చేటు కాదా యని మీరడుగవచ్చును. ఈ నూనెలో అధిక భాగము గుండెకు హాని చేయని రకమునకు చెందినది. నేతిలోను, కొబ్బరినూనెలోను హెచ్చుగా నుండు రకము ఇందులో సుమారు ఐదవ వంతు మాత్రమే. దినమునకు గుప్పెడు గింజలు తినువారిలో గుండెజబ్బులు తక్కువగా కనిపించుచున్నవని అనేక దేశముల పరిశోధనలలో తేలినది. కావున కొవ్వున్నదను ఒక్క కారణముచే దీనిని త్రోసివేయ నక్కరలేదు.

కాని కొలత తప్పరాదు. ఒక పెద్ద చెంచాడు ముద్ద, అనగా సుమారు 16 గ్రాములు, 95 కాలరీల శక్తి నిచ్చును. పొలములో దినమంతయు పనిచేయు మనిషికి ఇది కలిసివచ్చును. కుర్చీలో కూర్చుండి పనిచేయువారు అన్నము, నూనె, వేపుడులు తగ్గించుకొనకుండ నాలుగు చెంచాలు ఎక్కించినచో పొట్ట పెరుగును గాని బలము పెరుగదు. పెద్దవారికి దినమునకు ఒకటి నుండి రెండు చెంచాలు చాలును. అంత తినిన దినమున కూరలో పోయు నూనెను మనిషికి రెండు చిన్న చెంచాల చొప్పున తగ్గించుకొనవలెను.

పచ్చి గింజలను పరగడుపున గుప్పెళ్ళతో నమలిన అజీర్ణము చేయుట నిజమే. వేయించి, పొట్టు తీసి, మెత్తగా రుబ్బినచో చాలమందికి సులభముగా జీర్ణమగును.

అంగటి సీసా కొనువారు పేరు చూచి మోసపోరాదు. సీసా వెనుక వ్రాసిన వస్తువుల పట్టికను చదువవలెను. వేరుశనగ, ఉప్పు మాత్రమే ఉన్నది మేలు. చక్కెర, తాటినూనె, గట్టిపరచిన నూనెలు, చాకొలేటు చేర్చినది పిల్లలు ఇష్టపడినను మిఠాయితో సమానమే. అమెరికాలో వేరుశనగ వెన్న అని పేరు పెట్టవలెనన్న నూటికి 90 పాళ్ళు వేరుశనగయే ఉండవలెనని చట్టము గలదు. ఆ హద్దు తేలుటకు అక్కడి ప్రభుత్వమునకును కంపెనీలకును నడుమ పదేండ్లకు పైగా వాదములు జరిగినవి. కంపెనీలు చౌక నూనెలు కలుపజూచుటయే దానికి కారణము. కదలక ఉంచిన ముద్దపై నూనె తేలుట దోషము కాదు, గట్టిపరచిన నూనెలు కలుపలేదనుటకు గుర్తు. చెంచాతో కలిపి వాడుకొనవచ్చును.

అసలు భయపడవలసినది బూజునకు

1960లో ఇంగ్లండులో కొన్ని నెలలలోనే లక్షకు పైగా టర్కీ కోళ్ళు చనిపోయినవి. కారణము తెలియక మొదట దానికి టర్కీ ఎక్స్ వ్యాధి యని పేరు పెట్టిరి. తుదకు బ్రెజిల్ దేశము నుండి వచ్చిన వేరుశనగ చెక్కలో దోషమున్నదని తెలిసినది. ఆ చెక్కకు పట్టిన ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అను పసుపుపచ్చ బూజు పుట్టించిన విషమే అఫ్లాటాక్సిన్. అది కాలేయమును పాడుచేయును. దీర్ఘకాలము కొద్దికొద్దిగా తినుచుండిన కాలేయపు క్యాన్సరును కలిగించును. కామెర్లకు కారణమగు హెపటైటిస్ బి ఒంటిలో నున్నవారికి ఈ అపాయము మరింత హెచ్చు.

ఇది పరదేశపు కోళ్ళ కథ యని తీసివేయరాదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన గ్రామములలో బూజు పట్టిన మొక్కజొన్న తిని నూరుమందికి పైగా కామెర్లతో మరణించిరి. జాతీయ పోషకాహార సంస్థవారే దానిని పరిశోధించిరి. గింజ వేరైనను విషము అదియే.

ఈ విషమునకు రంగు లేదు, వాసన లేదు. ఇంటి పొయ్యిమీద వేయించుటవలన కొంత తగ్గును గాని పూర్తిగా నశింపదు. ఉడికించినను పోదు. బూజును చేతితో తుడిచివేసిన గింజలో కూడ విషము మిగిలియుండును.

ఇచ్చట ముద్దకు గింజకు ఒక ముఖ్యమైన భేదమున్నది. బస్తాడు గింజలలో విషమంతయు కొన్ని గింజలలోనే చేరియుండును. గింజలుగా తినునపుడు నల్లనిది, ముడుతలు పడినది కంటికి కనిపించును. చేదుగా నున్నది నోటికి తగిలిన ఉమ్మివేయుదుము. ముద్దలో ఆ అవకాశము లేదు. నాలుగు చెడ్డ గింజలు రోటిలో పడిన వాని విషము ముద్దంతటికి వ్యాపించును. ఉప్పు, కారము, బెల్లము దాని రుచిని కప్పివేయును. కావుననే ముద్ద చేయు గింజ, వేయించుకొని తిను గింజకంటె శుభ్రమైనదిగా నుండవలెను.

పుచ్చు గింజ ఇంటికేల?

ఇప్పుడు మన వాడుకను చూడుడు. కాయ వలిచిన పిమ్మట నిండు గింజను బస్తాలకెత్తి అమ్ముదుము. దృఢమైన కాయను విత్తనమునకు దాచుదుము. ఈ రెండును చేయవలసిన పనులే. మిగిలిన సొట్ట గింజ, ముక్క, పురుగు తొలిచినది, రంగు మారినది, ఎవరును కొననిది ఇంటి డబ్బాలోనికి చేరును. అదియే చెట్నీ, అదియే పిల్లల బెల్లపు ఉండ. పారవేయుటకు చేతులు రాక ఇల్లాలు దానిని వండును. ఆమె పొదుపును తప్పుపట్టలేము. కాని బూజు విషము హెచ్చుగా నుండునది సరిగా ఆ గింజలలోనే.

ఎగుమతి వ్యాపారులు యంత్రములతోను, చేతులతోను ఏరి తీసివేయునదియు ఆ గింజలనే. ఐరోపా దేశములు నేరుగా తినుటకు అమ్ము వేరుశనగలో కిలోకు 4 మైక్రోగ్రాములకు మించి అఫ్లాటాక్సిన్ ఉండరాదని హద్దు పెట్టినవి. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షల వంతు. పరదేశపు బిడ్డకొరకు ఇంత జాగ్రత్తగా ఏరిన గింజ మన చేలలో పండినదే. ఆ ఏరివేతలో మిగిలినది మన బిడ్డకు పెట్టుట న్యాయమా యని ఆలోచింపుడు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేననుసరించి ఆంధ్రప్రదేశ్‌లో ఐదేండ్లలోపు పిల్లలలో నూటికి 31 మంది, తెలంగాణమున 33 మంది వయసుకు తగిన ఎత్తు పెరుగలేదు. కారణములు అనేకములు. నీరు, పారిశుధ్యము, తల్లి ఆరోగ్యము, తిండి అన్నియు ఇందులో చేరియున్నవి. కాని తిండి విషయమున వేరుశనగ పండు గ్రామములు ఇతరులకంటె మెరుగుగా నుండవలసినవి. బలమైన గింజ ఇంటి ముంగిటనే యున్నది. దానిలో మంచి భాగము బిడ్డకు చేరవలెను.

ఎంత ఖర్చగును?

మంచి గింజ అమ్మిన నాలుగు రూకలు వచ్చును, ఇంట ఉంచుకొనిన నష్టము గదా యని కొందరందురు. లెక్క వేసి చూతము. ఐదుగురున్న కుటుంబములో మనిషికి దినమునకు 20 గ్రాముల చొప్పున నూరు గ్రాములు కావలెను. ఏడాదికి 36 లేక 37 కిలోల గింజ. నూరు కిలోల కాయకు 65 నుండి 70 కిలోల గింజ వచ్చును గనుక, ఇది సుమారు 55 కిలోల కాయ. 2025–26 సంవత్సరమునకు కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. ఆ లెక్కన ఇంటికి ఉంచుకొను కాయ వెల సుమారు 4,000 రూపాయలు. దినమునకు 11 రూపాయలు. వర్షాధారపు చేలో ఎకరమునకు 4 క్వింటాళ్ళు పండినచో ఇది ఎకరపు పంటలో ఏడవ వంతునకు మించదు.

దీనికి బదులుగా వచ్చునదేమి? మనిషికి దినమునకు 5 గ్రాముల మాంసకృత్తులు. నాలుగు నుండి ఆరేండ్ల బిడ్డకు దినమునకు కావలసినది సుమారు 16 గ్రాములు. అందులో మూడవ వంతు ఈ ఒక్క చెంచాతో చేరును. ఈ నాలుగు వేలను రైతు చేతిలోనుండి పోయిన డబ్బుగా ఎంచరాదు. పొడి పాలకును, రంగుల డబ్బాలలోని బలవర్ధక పానీయములకును ఇచ్చు డబ్బుతో పోల్చి చూచుకొనుడు.

చేను నుండియే జాగ్రత్త

బూజు రోటిలో పుట్టదు, చేలోనే మొదలగును. కోతకు ముందు మూడు నుండి ఆరు వారములు వానలు లేక నేల వేడెక్కినచో కాయ నేలలో నుండగనే శిలీంధ్రము ప్రవేశించును. అనంతపురము, శ్రీ సత్యసాయి జిల్లాలవంటి తక్కువ వర్షపు ప్రాంతములలో ఈ బెడద హెచ్చు. వీలున్నవారు ఆ సమయమున ఒక తడి ఇచ్చుట మేలు. డొల్ల లోపలి భాగము నల్లబడిన కాయలు నూటికి 75 వరకు ఉన్నపుడు పీకవలెను. ఆలస్యము చేసినను నష్టమే.

పీకిన మొక్కలను కాయలు పైకి వచ్చునట్లు తిరగవేసి ఆరబెట్టవలెను. పచ్చి కాయను కుప్ప వేయరాదు. దెబ్బతిన్న కాయను, చెదలు తొలిచిన కాయను, ఎండి చచ్చిన మొక్కల కాయను కల్లములోనే వేరుచేయవలెను. గింజలో తేమ నూటికి 8 పాళ్ళకు మించకుండ ఎండవలెను. చేతితో ఆడించినపుడు కాయ గలగలలాడవలెను. గింజను వ్రేళ్ళతో నలిపిన పొట్టు ఊడవలెను. యంత్రములో గింజ పగులకుండునని కాయపై నీరు చల్లుట కొన్ని చోట్ల వాడుక. ఎండిన కాయకు మరల తేమ తగిలించుట బూజును పిలిచి పీట వేయుటయే. ఇంటి వాడుకకు ఉంచుకొను కాయను ఎన్నడును తడుపరాదు. గింజగా గాక కాయగానే నిలవచేసి, నెలకు కావలసినంత వలుచుకొనుట ఉత్తమము. బస్తాలను నేలమీద గాక చెక్కబల్లలమీద, గోడకు దూరముగా పేర్చవలెను.

బూజు పట్టిన గింజను పశువులకును పెట్టరాదు. పాడి పశువు అట్టి చెక్క తినినచో ఆ విషము రూపుమారి పాలలోనికి దిగును. మనము కాదని త్రోసిన గింజ పాల రూపములో మరల బిడ్డ నోటికే చేరును. గానుగలో ఆడించినను విషములో అధిక భాగము చెక్కలో నిలిచి, కొంత వడపోయని నూనెలో కూడ మిగులును. కావున బూజు గింజను కాల్చివేయుటయే మంచిది.

ఇంట చేయు పద్ధతి

కిలో గింజను వెలుతురులో చేటలో పోసి ఏరుడు. సొట్టది, ముడుత పడినది, మొలకెత్తినది, పగిలినది, రంగు మారినది తీసివేయుడు. మందపాటి మూకుడులో సన్నని సెగమీద కలుపుచు, పొట్టు చిటపటలాడి గింజ లోపల లేత గోధుమరంగు వచ్చువరకు వేయించుడు. చల్లారిన పిమ్మట చేతులతో నలిపి, పొట్టు చెరిగివేయుడు. ఇప్పుడు రెండవసారి ఏరుట మరువరాదు. పొట్టు కప్పియుంచిన మచ్చలు, నల్లదనము ఈ దశలోనే బయటపడును. పిమ్మట పొడి రోటిలోనో, గ్రైండరులోనో మెత్తగా రుబ్బుడు. మొదట పొడియగును, పిదప ఉండకట్టును, ఇంకను రుబ్బినచో జారుడుగా మారును. నీటి చుక్క తగులరాదు. రుచికి కొద్దిగా ఉప్పు వేయవచ్చును. కడిగి ఎండబెట్టిన గాజు సీసాలో పోసి, మూత బిగించి, చల్లని చోట నుంచుడు. తడి చెంచా పెట్టరాదు. పాతనూనె వాసన వచ్చినదానిని వాడరాదు. రెండు మూడు వారములకు సరిపడునంత మాత్రమే ఒకసారి చేసికొనుట మేలు.

2020లో విడుదలైన గిర్నార్ 4, గిర్నార్ 5 రకముల గింజలో ఓలియిక్ ఆమ్లము నూటికి 80 పాళ్ళ వరకు ఉండుటవలన ముద్ద త్వరగా పాతవాసన కొట్టదు. వెన్న తయారీకి గింజ అమ్మదలచిన రైతులును, మహిళా సంఘములవారును వీనిని గురించి విచారించుట మంచిది.

పిల్లల విషయము

ఐదేండ్లలోపు పిల్లలకు పూర్తి గింజలు ఇయ్యరాదు. ఊపిరిగొట్టములో చిక్కుకొని ప్రాణాపాయము కలుగవచ్చును. గట్టి ముద్దను చెంచాతో నోటిలో పెట్టుటయు మంచిది కాదు. ఆరు నెలలు నిండి అన్నము మొదలిడిన బిడ్డకు ఆ ముద్దను జావలోనో, మెత్తని అన్నములోనో పలుచగా కలిపి కొద్దిగా ఇయ్యవచ్చును. కొందరికి వేరుశనగ బొత్తిగా పడదు. తినిన కొద్దిసేపటిలో ముఖము వాచుట, దద్దురులు, ఊపిరి ఆడకపోవుట కనిపించిన వెంటనే వైద్యుని వద్దకు పోవలెను. అట్టివారు దీనిని మరల ముట్టరాదు. ఈ భయముచే పసివారికి చిరకాలము ఇయ్యకుండుటవలన మేలు లేదని 2015లో ఫలితములు వెలువడిన లండనులోని ఒక పరిశోధన తెలిపినది. అపాయము హెచ్చుగా గల పసివారిలో సైతము మొదటి ఏడాదినుండి కొద్దికొద్దిగా తినినవారిలో ఈ జబ్బు చాల తక్కువగా కనిపించినది. ఒంటిపై తీవ్రమైన గజ్జి, గ్రుడ్డు పడకపోవుట ఉన్న బిడ్డ విషయమున వైద్యుని సలహా పొంది మొదలిడవలెను.

చిక్కి శల్యమైన బిడ్డలకు ఆఫ్రికాలో ఇచ్చు ఔషధాహారము కూడ వేరుశనగ ముద్దతోనే తయారగుచున్నది. ఫ్రెంచి వైద్యుడు ఆండ్రే బ్రియాండ్ 1990 దశకములో దీనిని రూపొందించెను. 2005లో నైజర్ దేశపు కరవులో వేలకొలది బిడ్డలకు ఇది ప్రాణము పోసినది. అందులో పాలపొడి, చక్కెర, నూనె, ఖనిజములు, విటమినులు లెక్కప్రకారము చేరియుండును. ఇంటి ముద్ద దానికి బదులు కాదు. బాగా చిక్కిన బిడ్డను ఆరోగ్య కేంద్రమునకే తీసికొనిపోవలెను.

బాదము, జీడిపప్పు, నువ్వులు

బాదము వెన్న, జీడిపప్పు వెన్న మరింత శ్రేష్ఠమని అంగళ్ళలో చెప్పుదురు. బాదములో సున్నము, విటమిన్ ఇ హెచ్చన్నది నిజము. కాని మాంసకృత్తులలో బాదముగాని, జీడిపప్పుగాని వేరుశనగను మించవు. వెల మాత్రము ఎన్నో రెట్లు మించును. పలాస ప్రాంతమువారికి జీడిపప్పు ముక్క చౌకగా దొరికినచో వాడుకొనవచ్చును. తక్కినవారు దానికై అప్పు చేయనక్కరలేదు. సున్నము కావలెనన్న పొట్టుతోకూడిన నువ్వులను వేయించి, ఈ ముద్దలో నాలుగవ వంతు కలిపి రుబ్బుకొనుడు. రాగి సంగటితో చేర్చిన అది బాదమునకు లోటు తీర్చును.

గ్రామ ఉద్యోగులకు ఒక మాట

గ్రామ వ్యవసాయ సహాయకులు, విస్తరణాధికారులు పంటకోత సమయమున దిగుబడిని గురించి, ధరను గురించి రైతులతో మాటలాడుదురు. ఆ సమయముననే ఇంటికి ఉంచుకొను గింజను గురించి కూడ అడుగవలెను. అంగన్‌వాడీ కార్యకర్తలు తల్లుల సమావేశములో ఒక చేటలో మంచి గింజ, మరొక చేటలో చెడ్డ గింజ పోసి చూపినచో గంట ఉపన్యాసముకంటె ఎక్కువ ఫలితముండును. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుండి బడి భోజనములో వేరుశనగ చిక్కీని చేర్చిరి. మంచి పని. ఆ చిక్కీకి వాడిన గింజను అఫ్లాటాక్సిన్ పరీక్ష చేయించిరా యని అడుగు హక్కు తల్లిదండ్రులకు గలదు. తనిఖీ చేయువారు ఆ ప్రశ్నను తూకముతోపాటు అడుగవలెను. కంటితో ఏరుట చాలవరకు మేలు చేయునేగాని, పైకి మంచిగా కనిపించు గింజలో సైతము విషముండవచ్చును. పెద్ద మొత్తములలో పరీక్షయే నమ్మకము. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థవారు తక్కువ ఖర్చుతో ఈ పరీక్ష చేయు విధానమును రూపొందించి చాల ఏండ్లైనది. దానిని మార్కెట్టు యార్డులవరకు తెచ్చుట ప్రభుత్వ శాఖల బాధ్యత.

రైతు సోదరులారా! కల్లములో కాయ ఎండిన దినమున వ్యాపారి రాకముందే ఒక పని చేయుడు. నిండు కాయలలోనుండి ఇంటికి కావలసిన 55 కిలోలు ముందుగా కొలిచి వేరుగా నుంచుడు. విత్తనపు కాయకు ఎట్టి గౌరవమిచ్చుదురో దానికిని అట్టి గౌరవమే ఇయ్యుడు. విత్తనము రాబోవు పంటకు ఆధారమైనట్లు, ఈ కాయ ఇంట పెరుగుచున్న బిడ్డలకు ఆధారము. మిగిలినది సంతోషముగా అమ్ముకొనుడు. అప్పుడు వేరుశనగ వెన్న మంచిదా కాదా యని ఎవరైన అడిగినచో, మా ఇంటిది మంచిదే యని మీరు ధైర్యముగా చెప్పగలుగుదురు.